ఆడపడుచు బిడ్డ వాటా

రెండువేల పద్దెనిమిది జనవరి ఇరవై రెండు, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల వేళ దక్షిణ సముద్రంలోని కందావు దీవి దక్షిణపు ఒడ్డునున్న వునివేసి గ్రామంలో, సెవనాయా ఇంటి నడిమి గదిలో చాపల మీద కూర్చున్నవారు ఆరుగురు. ఇంటి యజమాని, ఆ వంశానికి పెద్ద అయిన సెవనాయా. అతని భార్య మకెలేసి. పడవ నడిపే కొడుకు వెరేమో. ఊరి వ్యవహారాలు చూసే ఎమోసి. ఆరేళ్ళుగా ఆ ఊరి వైద్యశాలను నడిపి శుక్రవారం ఓడకు వెళ్ళిపోనున్న నర్సు, సిస్టర్ రేజీలీ. ఆమె స్థానంలోకి రావలసిన ఉనైసీ. ఎమోసికి రెండేళ్ళ కిందట మోకాలి దిగువన కాలు తీసేశారు. ఆ గదిలో గోడకు చేరగిలి కాలు చాపుకొని కూర్చునే వెసులుబాటు అతనొక్కడికే ఉంది.

ఉనైసీ రాజధాని సువాలో నర్సింగు ముగించి నెలన్నర అయింది. ఆ ఉదయమే ఓడ దిగి, వెరేమో పడవలో ఊరు చేరింది. ఆమె తల్లి సెవనాయాకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆడపడుచు బిడ్డను అక్కడ వాసు అంటారు. వాసు మేనమామ ఇంట ఏది అడిగినా కాదనడం ఉండదు. అందుకే ఆమెను గదిలో పైకొసన, నాలుగు అంచులా రంగు ఊలు కుచ్చులు కుట్టిన కొత్తచాప మీద, మామయ్య పక్కన కూర్చోబెట్టారు. సిస్టర్ రేజీలీ ఉత్తరాది దీవి మనిషి. ఆమె ఎప్పటిలాగే గుమ్మం పక్కన, అందరి చెప్పులకూ దగ్గరగా కూర్చుంది.

యంగోనా వేరు కలిపిన పానీయపు గిన్నె మొదటి వరుస తిరిగాక ఎమోసి మాట్లాడాడు. సిస్టర్ ఆరేళ్ళు తమకు సాయపడిందనీ, దేవుడు ఆమెను చల్లగా చూడాలనీ ఒక్క వాక్యంలో చెప్పి ఊపిరి తీసుకున్నాడు. ఆపైన మాట్లాడినదంతా ఉనైసీ గురించే. ఈ నేల రక్తం ఈ నేలకు వచ్చిందన్నాడు. సువాలో చదివిన బిడ్డ సువాను కాదని వచ్చిందన్నాడు. ఇక ఏ దీవి నుంచో ఎవరినో పంపమని కాగితాలు రాసే అవసరం తమకు లేదన్నాడు. అరచేతులు గుల్లచేసి అందరూ మూడుసార్లు చరిచారు. సిస్టర్ కూడా చరిచింది. ఆ చేతుల వేళ్ళ చివర్లు స్పిరిటు తగిలి తగిలి తెల్లగా పొలుసులూడి ఉండడం ఉనైసీ పైకొస నుంచే చూసింది. ఆరేళ్ళ మనిషికి ఒక్క వాక్యం, ఆరు గంటల కిందట వచ్చిన తనకు ఒక ఉపన్యాసం. ఆమెకు ముఖం వేడెక్కింది.

సెవనాయా చేతి సంచి తెరిచి, తెల్లటి గుడ్డలో చుట్టిన తాంబువాను బయటికి తీసి అందరికీ చూపించాడు. అది తిమింగిలం దంతం. కొబ్బరినూనె పట్టించి పట్టించి తేనెరంగుకు వచ్చింది. గురువారం నాడు, కాగితం మీద సంతకమయ్యాక, దానిని మేనకోడలి చేతిలో పెట్టి ఊళ్ళోకి ఆహ్వానిస్తామన్నాడు.

ఆ కాగితం సిస్టర్ దగ్గరే ఉంది. ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు ఒక గీత మీద సంతకం, నివాసం ఎక్కడో మరో గీత మీద చిరునామా. శుక్రవారం ఆ కాగితం సిస్టర్‌తోపాటు ఓడ ఎక్కకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. ఉనైసీ సంచిలో మరో ఉత్తరం కూడా ఉందని అక్కడ సిస్టర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సువాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మగవారి వార్డు. తనతో చదివిన తొరీకా బేకరీ మీది అంతస్తులో ఇద్దరికీ గది చూసి, కిటికీకి పసుపు కర్టెను కూడా కొనేసింది. ఆ ఉత్తరానికి శనివారంలోగా జవాబు చెప్పాలి. తాను నర్సుగా బ్రతకగలిగిన చోటు ఏదో ఈ నాలుగు రోజుల్లో చూసుకొని, అక్కడే సంతకం పెట్టాలని ఉనైసీ నిశ్చయం. అమ్మకు కూడా అంతే చెప్పి వచ్చింది.

మంగళవారం ఉదయం ఆమె తెల్ల యూనిఫారం తొడుక్కొని వైద్యశాలకు వెళ్ళింది. రెండు గదుల రేకుల ఇల్లు. వరండా దూలానికి పసిపిల్లలను తూచే గుడ్డ ఊయల తక్కెడ వేలాడుతోంది. చీపురు తీసి వరండా సగం ఊడ్చేసరికి మకెలేసి పరుగున వచ్చి దానిని లాక్కుంది. ఊరంతా చూస్తోంది తల్లీ, నా పరువు తీయకు అని ఆమె ప్రాధేయపడింది. రేవులో వలలు విప్పుతున్న వెరేమో అక్కడినుంచే కేకేశాడు.

"ఏమే మరదలా, మూడేళ్ళు చదివి నేర్చుకున్నది ఇదా? మీ సువాలో చీపుళ్ళు లేవా?"

"చీపుళ్ళున్నాయి బావా. ఊడ్చేవాళ్ళను చూస్తూ కూర్చునే పనిలేనివాళ్ళే లేరు."

వలల దగ్గర నవ్వులు లేచాయి. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ ఉదయం ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

తొమ్మిది గంటలకు పసిబిడ్డతో ఒక తల్లి వచ్చింది. వరండాలో సిస్టర్‌ను చూసి మెట్టెక్కింది, వెనుక ఉనైసీని చూసి మెట్టు దిగింది. వాసు ముందు నిటారుగా నిలబడకూడదు గనుక నడుము వంచి, తులోవు, తులోవు అని మన్నింపు కోరుతూ పక్కకు తప్పుకుంది. బిడ్డకు ఏమైందని ఉనైసీ అడిగితే ఏమీ లేదు, ఊరికే ఇటు వచ్చామంది. బిడ్డ ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీయడం ఉనైసీకి కనబడుతూనే ఉంది. ఆమె టీకాల పెట్టె ఉన్న లోపలి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసింది. మరుక్షణంలో బయట తల్లి గొంతు మారింది. రెండు రాత్రులుగా పాలు తాగడం లేదని గుక్కతిప్పుకోకుండా సిస్టర్‌కు చెప్పుకుంటోంది. తలుపు ఇవతల ఉనైసీ చేతిగడియారం చూస్తూ, వినబడుతున్న ఆ ఊపిరిని నిమిషానికి ఎన్నో లెక్కపెట్టింది. యాభై ఎనిమిది, ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువ. చీటీ మీద రాసి తలుపు సందులోంచి బయటకు జరిపింది. సిస్టర్ లెక్క యాభై ఏడు.

ముసలి అపోలోసి చంకలో సెగగడ్డ పట్టుకొని వచ్చి, ఆమెను చూడగానే చేయి దించేసి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆమె చేసిన పని మొత్తం, టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రత రెండుసార్లు చూసి పట్టికలో వేయడం. భోజనానికి ఇంటికి వెళితే కొబ్బరిపాలలో ఉడికించిన చేప తలకాయ ఆమె పళ్ళెంలోనే పడింది. ఇంత గౌరవంతో ఎవరైనా ఏం చేసుకుంటారు? అది పళ్ళెంలో కళ్ళు తెరుచుకొని తననే చూస్తున్నట్టనిపించింది.

మామయ్య ఆమెకోసం తూర్పు గది సిద్ధం చేయించాడు. కొత్త దోమతెర, పువ్వుల గలీబులు, గోడకు ఆమె పట్టా పుచ్చుకుంటున్న ఫోటో. ఆ ఫోటోను దీవిలోని ప్రతి పడవవాడికీ ఆయన ఫోనులో చూపించాడని వెరేమో చెప్పాడు. చూపించిన ప్రతిసారీ వేలు పెట్టి ముఖం పెద్దది చేసేవాడట. ఆ ఎండల్లో ఆయన కుడికాలికి ముదురునీలం రగ్బీ మేజోడు ఎందుకుందని ఉనైసీ అడిగింది. ఈ వయసులో నాన్నను జట్టులోకి తీసుకున్నారు, ఇంకా ఎడమకాలి మేజోడు పంపలేదు అని వెరేమో నవ్వించబోయాడు. మకెలేసి నవ్వలేదు.

బుధవారం పొద్దున్నే ఉనైసీ వంటపాకలోకి వెళ్ళేసరికి అత్త చిన్న గిన్నెలో పాత గుడ్డపీలికలు ఉడకబెడుతోంది. వంటగిన్నెలకు దూరంగా, వేరే మూడు రాళ్ళ మీద, ఉప్పు వేసి. ఆమెను చూసి మూత పెట్టింది. ఉనైసీ చేమదుంప చెక్కు తీయడానికి కూర్చుంది, అదీ చేతిలోంచి తీసేసుకున్నారు. అప్పటినుంచి ఆమె చూడడం మొదలుపెట్టింది. మామయ్య కుడిపాదం బయటి అంచు మీదే బరువు మోపుతాడు. ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆ మడమను నడుముకు చుట్టుకున్న సులూ గుడ్డ కిందికి తోస్తాడు. లేచాక ఆయన కూర్చున్న చోట చాప మీద పసుపుపచ్చ చుక్క ఒకటి ఉంటే అత్త నడుస్తూ నడుస్తూ దానిమీద తలగడ జారవిడిచింది. కొబ్బరినూనె వాసన కింద మరొక వాసన, మానని పుండుది. ఆ వాసనకు పుస్తకంలో ఒక పేరుంది. వార్డులో ఆ పేరు ఎవరూ పైకి అనరు.

ఆమె తిన్నగా సిస్టర్ ఇంటికి వెళ్ళింది. వైద్యశాల వెనుక ఒంటి గది, నీళ్ళ తొట్టి, ఒక రాతి మెట్టు. ఆ మెట్టు ముందు రెండు గజాల మేర అడుగులకు అరిగి గడ్డి లేదు. అక్కడికి నాలుగు వైపులనుంచీ కాలిబాటలు వచ్చి కలిశాయి. వాగు అవతలి ఇళ్ళనుంచి కూడా ఒకటి ఉంది. ఆ ఇళ్ళవాళ్ళకూ సెవనాయాకూ ఒక కొబ్బరితోట గురించి ఏళ్ళ తరబడి మాటల్లేవు. మామయ్య ముంగిట్లో గడ్డి ఎంత పచ్చగా, ఒత్తుగా ఉందో ఉనైసీకి అప్పుడు గుర్తొచ్చింది.

సిస్టర్ ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుతోంది. సోమవారం నాటి సభ గురించి, ఆ ఒక్క వాక్యం గురించి ఉనైసీ క్షమాపణలా ఏదో చెప్పబోయింది. సిస్టర్ దుప్పటి రెండు కొసలు ఆమె చేతికిచ్చి, మడతపెట్టడానికి సాయం పట్టమంది. ఆ ఊళ్ళో ఆమెకు ఒకరు పని చెప్పడం అదే మొదలు.

"నన్ను కింద కూర్చోబెట్టారని నీకు బాధగా ఉందా? పైచాప మీద కూర్చున్నదానికి ఎవరూ పుండు చూపించరమ్మా. ఆరేళ్ళూ నన్ను పని చేయనిచ్చారు. నాకు దక్కిన మర్యాద అదే. అది నీకు దక్కేలా లేదు, సువా ఉత్తరం చింపెయ్యకు."

దుప్పటి మడతల మధ్య ఇద్దరి చేతులూ దగ్గరికి వచ్చాయి.

"మా మామయ్య కుడికాలు..."

"నన్నడగకు. ఒకరి ఒంటి సంగతి నేను ఇంకొకరికి చెప్పను, నువ్వూ చెప్పకూడదు." సిస్టర్ దుప్పటి పెట్టెలో పెట్టి, దానిమీద అరచేతితో రాసింది. "ఎవరిది వారిని అడగాలి. రెండుసార్లు అడిగాను. నేను ఆయనకేమీ కాను గదా, కాదనడం సులువు."

ఆ సాయంత్రం ఉనైసీ ఫోను అందే గుట్ట మీదికి ఎక్కి తొరీకాతో మాట్లాడింది. వచ్చేస్తాననే చెప్పింది. తొరీకా సంతోషించి, కిటికీ వైపు మంచం నీకే వదిలేస్తానంది. గుట్ట దిగుతుంటే కింద మామయ్య తోటనుంచి వస్తూ కనిపించాడు. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు ఆయన కర్ర ఊతగా ఆగి, చెట్టు పట్టుకొని, కుడికాలు గాలిలోకి ఎత్తి నిలబడ్డాడు. మళ్ళీ దించి నిటారుగా నడిచాడు. ఆయన ఇల్లు చేరేదాకా ఆమె గుట్ట మీదే కూర్చుంది.

గురువారం మధ్యాహ్నానికి నడిమి గది నిండిపోయింది. వరండా దాకా జనం. వాగు అవతలివాళ్ళు మాత్రం రాలేదు. సిస్టర్ గుమ్మం పక్కన, అపోలోసి ఆమెకు ఆనుకొని. తాంబువా కొత్త గుడ్డలో సిద్ధంగా ఉంది. వెరేమో చెక్కపలక మీద కాగితం పెట్టి, పైన పెన్ను పెట్టి, మోకాళ్ళ మీద నడిచివచ్చి ఉనైసీ ముందుంచాడు. పెద్ద అక్షరాలతో రాయి మరదలా, నీ చేతిరాత కోడి గీరినట్టుంటుందని మీ అమ్మ చెప్పింది అని గొణిగాడు. సెవనాయా గొంతు సవరించుకున్నాడు.

"నివాసం దగ్గర సెవనాయా గృహం అని రాయమ్మా. ఆ తరువాత సంతకం."

ఆమె పెన్ను తీసుకోలేదు. ఆ పూట ఓడ గురించి, సువా గురించి వినయంగా చెప్పవలసిన మాటలు తెల్లవారుజామునే కూర్చి పెట్టుకుంది. వాటిని చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన మేజోడు మడమ దగ్గర తడిసి నల్లబడి ఉంది.

"మామయ్యా, నేను వచ్చి నాలుగు రోజులైంది. ఇంతవరకు మిమ్మల్ని ఏమీ అడగలేదు."

గది కదిలింది. వాసు అడగబోతోందంటే పండుగ. మకెలేసి ముఖం విప్పారింది. సెవనాయా ఛాతీ పెద్దదయింది.

"అడుగమ్మా. నల్ల ఆడపంది ఉంది, ఈనడానికి సిద్ధంగా ఉంది. పడవ అడిగినా సరే."

"పడవ బావకుండనివ్వండి. అది కూడా పోతే ఆయనకు వేరే పని రాదు." నవ్వులు ఆగేదాకా ఆమె ఆగింది. "నాకు మీ కుడిపాదం కావాలి."

ఎవరూ నవ్వలేదు. కొందరికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు చాపవైపు చూశారు. పెద్దవాడు అరికాలు ఎవరివైపూ చూపడు. ఆడపడుచు బిడ్డవైపు అసలే చూపడు. అలాగని ఆడపడుచు బిడ్డ అడిగినది లేదనీ అనడు. సెవనాయా చేతులు మోకాళ్ళ మీద అలాగే ఉన్నాయి. బొటనవేలు మాత్రం సులూ అంచును వెదుకుతున్నట్టు కదిలింది. ఆయన గొంతు బాగా తగ్గింది.

"ఇంకేదైనా అడుగు తల్లీ."

"ఇంకేదీ వద్దు."

గోడ దగ్గర ఎమోసి తన సగం కాలిని రెండు చేతులతో ఎత్తి, సర్దుకొని పెట్టుకున్నాడు.

"ఇచ్చెయ్ సెవనాయా. నేను నాదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడెక్కడుందో చూడు."

సెవనాయా ముందుకు వంగి మేజోడు అంచు పట్టుకున్నాడు. అది లోపలి కట్టుగుడ్డకు అంటుకొని రాలేదు. ఉనైసీ పైచాప మీదనుంచి దిగి, ఆయన పాదాల దగ్గర కూర్చుంది. కాచి చల్లార్చిన నీళ్ళు తెమ్మని ఆమె అడగకముందే మకెలేసి కెటిల్‌తో వచ్చింది. సిస్టర్ సంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ గుమ్మం నుంచి ఆమెదాకా చేరింది. ఉనైసీ నీళ్ళు పోస్తూ, గుడ్డను లాగకుండా, అది తనంత తాను వదిలేదాకా నానబెట్టింది. మడమ అంచున రూపాయంత పుండు. చుట్టూ చర్మం ఎర్రగా బిగిసింది. చేతికి తొడుగు వేసుకొని అంచు నొక్కి, మొద్దుమొన పుల్లతో లోతు చూసింది. ఎముక తగలలేదు. పాదం మీద రెండు వేళ్ళుంచి, కళ్ళు మూసుకొని నాడికోసం వెదికింది.

"ఆడుతోంది" అంది. అది సిస్టర్‌కు చెప్పినది. తరువాత మామయ్యకు చెప్పింది: రేపు పడవలో వునీసేయా ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుగారికి చూపించాలని, చక్కెర పరీక్ష చేయించాలని, వారాల తరబడి రోజూ కట్టు మార్చాలని, మాట వింటే పాదం నిలిచే అవకాశం బాగానే ఉందని.

"సరే. రోజూ పొద్దున్నే నీ గదికే వస్తానుగా. తూర్పు గది నాలుగడుగులు."

"పాదం ఇప్పుడు నాది మామయ్యా. నేనుండే చోటికి తెచ్చివ్వాలి. నేను సిస్టర్ ఇంట్లో ఉంటాను."

సెవనాయా ఆమెవంక చూశాడు. ఆ తలుపుకూ ఈ తలుపుకూ మధ్య ఊరి మైదానమంతా ఉంది. ప్రతి ఇంటి గుమ్మమూ దానివైపే తెరుచుకుంటుంది. వంశానికి పెద్ద, మేజోడు లేకుండా, కుంటుతూ, రోజూ. ఆయన ముఖంలో కోపం వచ్చి నిలబడి, నిలబడలేక పోయింది.

"మీ అమ్మా ఇంతే. పందిపిల్లను అడిగినట్టు మొదలుపెట్టి దొడ్డంతా తోలుకుపోయేది." ఆయన గదినంతా కలయజూశాడు. ఆ గొంతు ఫోటో చూపించేటప్పటి గొంతే. "విన్నారుగా. ఆడపడుచు బిడ్డ అడిగింది, ఇచ్చాను. ఇకనుంచి ఈ కాలు నాది కాదు."

గుమ్మం దగ్గర అపోలోసి చొక్కా పైకెత్తి చంక చూపించాడు. "అమ్మాయీ, అడక్కుండానే ఇస్తాను, నాదీ చూడు."

అప్పుడు నవ్వారు. ఆ నవ్వు తగ్గాక సెవనాయా తాంబువాను గుడ్డలోంచి తీశాడు. రెండు చేతులతో పట్టుకొని, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ, గది పైకొస నుంచి కిందికొసదాకా మోకాళ్ళ మీద వెళ్ళాడు. సిస్టర్ రేజీలీ రెండుసార్లు అడిగితే తాను రెండుసార్లు కాదన్నాననీ, అది తన తప్పనీ, ఆరేళ్ళు ఈ ఊరి పుండ్లన్నీ కడిగిన చేతులకు ఈ దంతం చెందుతుందనీ అందరూ వినేలా చెప్పాడు. సిస్టర్ దానిని అందుకొని, ఆచారం ప్రకారం ముక్కుకు తాకించింది.

శుక్రవారం ఆరున్నరకే మైదానం చుట్టూ గుమ్మాలన్నీ తెరుచుకున్నాయి. సెవనాయా ఇస్త్రీ చేసిన సులూ కట్టుకొని, కర్ర ఊతగా, ఎవరివంకా చూడకుండా, అందరి పలకరింపులూ అందుకుంటూ నడిచి వచ్చి రాతిమెట్టు మీద కూర్చొని పాదం చాపాడు. ఉనైసీ కట్టు విప్పింది, కడిగింది, మళ్ళీ కట్టింది. వాగువైపు బాటలో ఒక తల్లి బిడ్డను ఎత్తుకొని నిలబడి ఉంది. సెవనాయాను చూసి ఆగింది. ఆయన కట్టు కట్టించుకున్న కాలిని పక్కకు జరిపి, మెట్టు మీద చోటు చేశాడు.

రేవులో వెరేమో ఇంజను లాగి పరీక్షిస్తూ ఆలస్యమవుతోందని అరుస్తున్నాడు. అంతకు ముందే ఉనైసీ గుట్టకు పరుగెత్తి వెళ్ళి తొరీకాకు క్షమాపణ చెప్పుకొని వచ్చింది. ఆ పసుపు కర్టెను నాకెందుకు, తరువాతి ఓడలో పంపుతానంది తొరీకా. కిటికీ కొలత అడిగింది.

ఉనైసీ తడి చేతులు యూనిఫారానికి తుడుచుకొని పలక మోకాలి మీద పెట్టుకుంది. నివాసం అన్నచోట 'నర్సు ఇల్లు, వునివేసి' అని కోడి గీరినట్టున్న అక్షరాలతో రాసి, కింద తన పేరు పూర్తిగా పెట్టింది. సెవనాయా చదవడానికి మెడ సాచాడు. సాక్షి గీత మీద సిస్టర్ సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఊదింది. ఆపైన కాగితాన్ని నాలుగు మడతలు వేసి, తన సంచిలో తాంబువా చుట్టిన గుడ్డ మడతలోకి దోపి, జిప్పు మూసింది.